జమ్లీ పోగులు

మా గోడ అవతల కొత్త హోటల్ తెరిచిన సంగతి ఊరందరికీ ఫ్లెక్సీ చూస్తే తెలుస్తుంది, నాకు మాత్రం జాకెట్లు వాసన చూస్తే తెలుస్తుంది. మానుకోట స్టేషన్ రోడ్డులో నాది లేడీస్ టైలర్ దుకాణం. మా నాయన కట్టించి నా పేరున పెట్టిన మడిగె. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ముందు రోడ్డు, వెనక చిన్న పెరడు. పక్క మడిగె, దాని మీది అంతస్తు ముత్తయ్యవి. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ. అవతలి వాళ్లు మేకు కొడితే ఇవతల నా నెత్తిన సున్నం రాలుతుంది.

ఆ మడిగెలో ఎన్ని హోటళ్లు పుట్టి పోయాయో. మొదట దర్బార్ అని ఫ్యామిలీ రెస్టారెంట్ వచ్చింది. అప్పట్లో నేను కుట్టిన పెళ్లి జాకెట్లన్నీ బిర్యానీ మసాలా వాసన కొట్టేవి, ఒక పెళ్లికూతురి తల్లి నాతో పోట్లాడింది కూడా. అది మూతపడ్డాక, పరుపులు పరిచి ఒకే పెద్ద పళ్లెం చుట్టూ అందరినీ కూచోబెట్టే మండి వచ్చింది. ఆ తర్వాత బర్గర్ల కేఫ్. ఆ తర్వాత ఒకాయన గోడకు ఎడ్లబండి చక్రం తగిలించి పల్లె వంటలన్నాడు, అది తగిలించిన నాడే నా వైపు గోడ పగిలింది. వచ్చిన ప్రతివాడూ వాస్తు చూపించాడు. ఒకడు తలుపు మార్చాడు, ఒకడు పొయ్యి మార్చాడు, ఒకడు చేపల తొట్టి పెట్టాడు. అందరూ రిబ్బన్ కత్తిరించారు, అందరూ చివరికి షట్టర్ దించారు.

మడిగె అచ్చిరాలేదని జనం అనేవారు. నన్నడిగితే మడిగెది ఏ తప్పూ లేదు. అక్కడ మంచిగా తిన్నవాళ్లు డబ్బులివ్వలేదు, డబ్బులిచ్చినవాళ్లు మంచిగా తినలేదు. లీడర్లకూ ఓనరు దోస్తులకూ మెత్తటి ముక్కలు పోయేవి. డ్యూటీ దిగి ఒంటరిగా వచ్చినవాడికి బొక్కలూ పులుసూ వచ్చేవి. వాడు రెండోసారి ఎందుకొస్తాడు, రాలేదు.

ఈ హోటళ్లన్నింటిలోనూ జమ్లీ ఉంది. కేసముద్రం అవతలి తండా మనిషి. ఆమె పెనిమిటి హీరాలాల్ మార్కెట్ యార్డులో బస్తాలు మోసి మోసి నడుము పోగొట్టుకున్నాడు. అప్పుడు జమ్లీ ఊళ్లోకి వచ్చి దర్బార్‌లో గిన్నెలు కడగడానికి కుదిరింది. ఓనరు మారినప్పుడల్లా ఫ్రిజ్, గ్రైండరు, కుర్చీలతో పాటు జమ్లీని కూడా కొత్తవాడికి అప్పజెప్పేవారు. కడిగే మనిషి కాస్తా రొట్టెలు చేసే మనిషి అయింది, ఆ తర్వాత కూర వండే మనిషి అయింది. మధ్యాహ్నం పని తగ్గాక నా దుకాణం మెట్టు మీద కూచుని చాయ్ తాగేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. తక్కువ మాట్లాడేది, పట్టుకున్నది వదిలేది కాదు.

చక్రం ఆయన కూడా చక్రం అక్కడే వదిలేసి పోయాక, ముత్తయ్య తాళాలు తీసుకోవడానికి వచ్చాడు. జమ్లీ లోపలి గిన్నెలన్నీ కడిగి బోర్లించి, ఆయన ముందు నిలబడింది. నేను మిషన్ ఆపి విన్నాను.

"ముత్తయ్య బాపు, మడిగె నాకియ్యి."

"నువ్వేం జేస్తవే దీంతోని?"

"హోటల్ పెడ్త."

"గంతమంది పెట్టి మూసుకపోయిండ్రు. నువ్వు నడుపుతవా?"

"వాళ్లు పెట్టినప్పుడు గిన్నెలు కడిగింది నేనే, మూసినప్పుడు బోర్లిచ్చింది నేనే. ఒక్కసారి నా గిన్నెలు నేను కడుక్కుంట బాపు."

ముత్తయ్య చెడ్డవాడని నేననను. కాకపోతే పెద్దమనిషినన్న సంగతి ఎదుటివాళ్లు ఎక్కడ మరిచిపోతారోనని ఆయనకు ఎప్పుడూ భయం. కాసేపు తాళాలు గలగలలాడించి చెప్పాడు. "సరే, దసరా దాకా ఉండు. పైనా కిందా కలిపి బార్ పెడ్తమని ప్రకాశ్ అడుగుతున్నడు. నీది నడిస్తే నీకే ఉంచుత. లేకుంటే లేచిపోవాలె, ఏడుపులు పెడబొబ్బలు ఉండొద్దు."

"ఏడ్వ," అంది జమ్లీ.

రిబ్బన్ లేదు, ఫ్లెక్సీ లేదు. బోర్డు లేకపోతే ఎలా అని నేనే నా పాత రేకు బోర్డు ఇచ్చాను. వెనక్కి తిప్పి 'జమ్లీ హోటల్, జొన్నరొట్టె, మేక కూర' అని రాయించింది. వాళ్ల పద్ధతిలో నిప్పుల మీద ఇంత బెల్లం, ఇంత నెయ్యి వేసి దండం పెట్టుకుని పొయ్యి ముట్టించింది. ఆ పొగ కూడా నా జాకెట్లకే పట్టింది.

మొదటి ఆదివారం వంటయ్యాక నేను తొంగిచూస్తే, ఆమె చేస్తున్న పని నాకు అర్థం కాలేదు. పొడుగు బల్ల మీద గిన్నెలన్నీ వరసగా పరిచింది. ముందు అన్నింటిలో తలా ఒక కార్జం ముక్క వేసింది. తర్వాత అన్నింటిలో కొంచెం బోటి. తర్వాత తలా ఒక బొక్క. తర్వాత మెత్తటి కూర, చివరికి పులుసు. హీరాలాల్ ఆ బల్లకు వీపు పెట్టి, తినేవాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. జమ్లీ ఒక గిన్నె మీద చెయ్యిపెట్టి అడిగింది. "గిది ఎవలికి?"

హీరాలాల్ వెనక్కి చూడకుండానే, "కిటికీ కాడ నీలం అంగీ ఆయనకు," అన్నాడు.

ఆ గిన్నె నీలం అంగీ ఆయనకు పోయింది. జమ్లీ ఇంకో గిన్నె మీద చెయ్యి పెట్టింది. "గిది ఎవలికి?"

పండక్కి నాలుగు ఇళ్లవాళ్లు కలిసి మేకను కోసుకుంటే పోగులు వేసే తీరు అది. నేనూ పల్లెలో పుట్టినదాన్నే, నాకూ తెలుసు. అన్ని పోగుల్లోనూ అన్నీ ఉండాలి. ఎంత సమంగా వేసినా ఏ రెండు బొక్కలూ ఒక్కలా ఉండవు కాబట్టి, ఒకరు వీపు తిప్పుకుని పేర్లు చెప్పాలి. అప్పుడు ఏ పోగు ఎవరికి పోయినా తగాదా ఉండదు. పోగులు వేసినవాళ్లు ఆఖరి పోగు తీసుకోవాలి. తండాలో, పల్లెలో అది చక్కగా నడుస్తుంది. హోటల్లో నడిపిన మనిషిని మాత్రం నేను ఎక్కడా చూడలేదు, వినలేదు.

నడవలేదు కూడా. నీలం అంగీ ఆయనకు కార్జం పడదట. ఇంకొకడికి బోటి చూస్తేనే వాంతి వస్తుందట. కాలేజీ పిల్లలు బోన్‌లెస్ లేదా అని అడిగి లేచిపోయారు. ఈ పిలుపులన్నీ అయ్యేదాకా రొట్టె చల్లారుతోందని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. సాయంత్రానికి సగం కూర మిగిలింది. జమ్లీ మాత్రం తెల్లబోయి చూసింది. అందరికీ అన్నీ ఇస్తే అందరూ సంతోషిస్తారని ఆమె నిజంగానే అనుకుంది. తండా బుద్ధి తండాలో వదిలి రావాల్సిందని నేను గట్టిగానే కోప్పడ్డాను.

"హోటల్ అంటే అడిగినోనికి అడిగింది పెట్టుడు, జమ్లీ. ముక్కలడిగినోనికి ముక్కలు వెయ్యి, పులుసడిగినోనికి పులుసు పొయ్యి."

"గట్లనే గద అక్క అందరు పెట్టింది. మూసిండ్రు."

"మరి నువ్వేం జేస్తవు?"

"వద్దన్నది గిన్నెల ఇడిశిపెట్టమను. నేనైతే తియ్య."

తీయలేదు. నెలల తరబడి తీయలేదు. కూర మిగిలిన రోజుల్లో మొగుడూ పెళ్లాలు అదే తిని పడుకున్నారు. హీరాలాల్ మాత్రం ఆ పనిలో నిమ్మళంగా ఉన్నాడు. బస్తా ఎత్తలేని నడుముకు వీపు తిప్పుకుని నిలబడే పని బాగానే కుదిరింది.

హోటల్‌ను ముందు కనిపెట్టింది రాజీ. పెద్ద దవాఖానలో నర్సు. దర్బార్ రోజుల నుంచీ ఒంటరిగా వచ్చి తినేది. ఆడమనిషి ఒక్కతే వచ్చిందని ప్రతి హోటల్ వాడూ ఆమెను తీసుకుపోయి కర్టెన్ వెనక కూచోబెట్టి, మిగిలిందేదో పెట్టేవాడు. జమ్లీ హోటల్లో ఆమె గిన్నెలోకి మూలుగ బొక్క వచ్చింది. పక్క బల్ల మీద కాంట్రాక్టరు గిన్నెలోకి పక్కటెముక వచ్చింది. ఆయన ఆమె గిన్నె వంక చూసి, తన గిన్నె వంక చూసుకుని, ఏమీ అనలేకపోయాడు. పిలిచినవాడు వీపు తిప్పుకునే ఉన్నాడు మరి, ఎవరిని అంటాడు? రాజీ ఆ బొక్కను గిన్నె అంచుకు టకటకా కొట్టి, మూలుగ మొత్తం పీల్చి, చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చింది.

"రేణుకక్క, హోటల్ల నాకు మూలుగ బొక్క అచ్చుడు ఇదే మొదటిసారి," అంది. నవ్వుతూనే అంది కానీ కళ్లు మెరిశాయి.

మరునాటి నుంచి ఆమెతో ఇంకో ఇద్దరు నర్సులు వచ్చారు. వాళ్ల వెనక పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మెన్లు వచ్చారు. మిర్చి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, డోర్నకల్‌లో బండి మారాల్సినవాళ్లు, లారీల వాళ్లు. ఎన్నడూ ఏ హోటల్లోనూ పిలిచి కార్జం పెట్టించుకోనివాళ్లంతా దారి కనుక్కుని వచ్చారు. "గిది ఎవలికి" అనగానే అందరూ తినడం ఆపి చెవులు నిక్కించేవారు. హీరాలాల్ ఎవరిని పిలుస్తాడోనని పందేలు కూడా కాసేవారు. కార్జం పడని నీలం అంగీ ఆయన కూడా మళ్లీ వచ్చి, తన ముక్క పక్కవాడికిచ్చి వాడి బోటి తీసుకుని తినసాగాడు. నా వైపు గోడకు చెవి ఆనిస్తే బజారులా ఉండేది. నేను తిట్టుకుంటూ జాకెట్లు పాలిథిన్ సంచుల్లో పెట్టడం మొదలుపెట్టాను.

దసరా ముందరి ఆదివారం ముత్తయ్య తినడానికి వస్తున్నాడని కబురొచ్చింది. వెంట ప్రకాశ్ కూడా వస్తున్నాడట. బార్ పెడతానంటున్న ప్రకాశ్ అప్పటికే మడిగె కొలుచుకుపోయాడు. ఆ రోజు తేలిపోతుందని అందరికీ తెలుసు. నేను పొద్దున్నే మిషన్ వదిలేసి జమ్లీ దగ్గరికి పోయాను.

"చూడు చెల్లె, నీ హోటల్ నడుస్తున్నది. ఆయన కండ్లతోని చూస్తడు. ఇయ్యాల్ల ఒక్కరోజు ఆయన గిన్నెల రెండు ముక్కలు ఎక్కువ వెయ్యి. కార్జం జర ఎక్కువ వెయ్యి. ఎవలు చూడొచ్చిండ్రు?"

జమ్లీ ఉల్లిగడ్డలు కోస్తోంది. కోయడం ఆపలేదు. "అక్క, నేను సిన్నగున్నప్పుడే మా నాయిన సచ్చిపోయిండు. మా యాడి పండక్కి తన వంతు పైసలు పంపేది." యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. "మొగోడు లేని ఇల్లని మా పోగుల ఎవలు ఒక్క ముక్క తగ్గియ్యలె. ఒక్కసారి తగ్గిస్తే మేం ఎన్నటికి తక్కువోళ్లమే అయితుంటిమి. గిప్పుడు ముత్తయ్య బాపుకు ఎక్కువ ఎయ్యాల్నంటే రాజీ గిన్నెలకెల్లే తియ్యాలె. నాతోని కాదు."

"మడిగె పోతదే."

"పోనియ్యి. పోగు పోదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మంచి మాట చెప్తే వినని మనిషి మీద కోపం రాదా? ఇంతకాలం కష్టపడి నిలబెట్టినదాన్ని రెండు కార్జం ముక్కల దగ్గర పోగొట్టుకుంటానంటోంది. అయినా నా దుకాణంలోకి పోయి కూచోలేకపోయాను. అక్కడే మూలన స్టూలు వేసుకుని కూచున్నాను.

ముత్తయ్య, ప్రకాశ్ నడి మధ్యాహ్నం వచ్చి మధ్య బల్ల దగ్గర కూచున్నారు. హోటల్ నిండా జనం ఉన్నారు. అది చూసి ముత్తయ్య ముఖం వికసించింది, నా గుండె కుదుటపడింది. జమ్లీ గిన్నెలు పరిచింది. హీరాలాల్ వీపు తిప్పాడు. "గిది ఎవలికి?" ఇద్దరు గ్యాంగ్‌మెన్లు, ఒక రైతు, రాజీ, ప్రకాశ్. ఆ తర్వాత ముత్తయ్య పేరు వచ్చింది. ఆయన గిన్నెలోకి మెడ బొక్క వచ్చింది. ఆయన దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పాడు. ఆయన మడిగెలో ఆయనకు మెడ బొక్క రావడం ఇదే మొదలు.

"జమ్లీ, కార్జం ఇంకింత తే."

 జమ్లీ దగ్గరికొచ్చి నిలబడింది. చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"లేదు బాపు."

"అగో, బల్ల మీద గిన్నెలల్ల ఉన్నది గద."

"ఉన్నది. గది వేరేటోళ్ల పోగు. నీ పోగు నీకచ్చింది."

ప్రకాశ్ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వల్లే అంతా చెడిందని నేను ఇప్పటికీ అంటాను. ముత్తయ్య చెవులు ఎర్రబడ్డాయి. గిన్నె పక్కకు నెట్టి లేచాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, దసరా తెల్లారి తాళాలు తన ఇంటికి రావాలన్నాడు. జమ్లీ తల ఊపింది. ఆయన వదిలేసిన గిన్నె తీసి పక్కన పెట్టి, మిగిలిన గిన్నె మీద చెయ్యి వేసింది.

"గిది ఎవలికి?"

హీరాలాల్ ఇంకా గడప వైపే చూస్తున్నాడు. రెండోసారి అడిగింది. అప్పుడు చెప్పాడు.

దసరా తెల్లారి ఆమె ఏడవలేదు, ముందే చెప్పింది కదా. ఏడ్చింది నేను. గిన్నెలు కడిగి బోర్లించి, తాళాలు హీరాలాల్‌తో పంపించి, నా రేకు బోర్డు తుడిచి తెచ్చి నా మెట్టు మీద పెట్టింది. తండాకు పోతావా అని అడిగాను. పోనంది. బస్టాండు దగ్గరో, దవాఖాన ముందరో బండి పెడతానంది. మబ్బు పట్టి ఉంది. ఆ గిన్నెలన్నీ రోడ్డు మీద, ఆకాశం కింద పరిచి ఈ మనిషి పోగులు వేస్తుందన్న సంగతి నా మనసుకు పట్టింది. వానకు తడుస్తూ కూడా వేస్తుంది, సందేహం లేదు. అది తలచుకుంటే నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

లేచి నా సుద్ద ముక్క తీసుకున్నాను. కుట్టుడు బట్టల మీద గీసే సుద్దే. దుకాణం నడిమధ్యన నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు గీత గీశాను.

"ముందల సగం, ఎనక సగం. ఒకటి నాది, ఒకటి నీది. కిరాయి సంగతి తర్వాత సూసుకుందాం. నీకు రోడ్డు కావాలె గనక ముందల సగం నువ్వు తీస్కో. నా మిషన్లు ఎనకకు పెట్టుకుంట, కుట్టిచ్చుకునేటోళ్లు ఏడున్నా అస్తరు."

జమ్లీ గీత వంక చూసింది. కాలి బొటనవేలితో ఒక చోట తడిమి, వంకర పోయిందంది. నిజంగానే పోయింది. తుడిచి మళ్లీ గీయించింది. అప్పుడంది, "గట్ల నువ్వియ్యద్దు అక్క. ఈపు తిప్పు."

"ఏంది, నా దుకాణంల నాకే పోగులా?"

"తిప్పు."

తిప్పాను. రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. ఎదురుగా ప్రకాశ్ మనుషులు పక్క షట్టర్ మీద లైట్లు కడుతున్నారు. నేను కూడా తక్కువదాన్ని కాదు. జమ్లీ చేతుల నిండా గాజులుంటాయి, అడుగు వేస్తే గలగలమంటాయి. చెవులు రిక్కించి వింటే ఏ సగంలో నిలబడిందో తెలిసిపోతుంది. ముందు సగంలో నిలబడి అడిగినప్పుడు జమ్లీకి అనేస్తే సరి. గాజులు నా వెనకే, దగ్గరగా మోగాయి. తర్వాత చప్పుడు లేదు.

"గిది ఎవలికి?" అంది.

"జమ్లీకి," అన్నాను గెలిచినట్టుగా, వెనక్కి తిరిగాను.

జమ్లీ పెరటి గుమ్మం దగ్గర, వెనక సగంలో, చీకటి మూలన నిలబడి ఉంది. గాజులు మోగకుండా రెండు చేతులూ పమిటలో చుట్టుకుంది. దొంగలా అడుగులో అడుగేసి అంత దూరం పోయింది, గెలిచేందుకు కాదు, నేను కావాలని ఓడిపోతానంటే ఒప్పుకోక.

"ఇది అన్యాలం," అన్నాను. "మళ్ల ఏద్దాం."

"పోగు ఒక్కసారే పిలుస్తరు," అంది జమ్లీ, పొయ్యి రాళ్లు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ.

ఇప్పుడు పక్కన బార్ తెరిచారు. రిబ్బన్ కత్తిరించారు, పాటలు పెడుతున్నారు, నా గోడ ఇంకొంచెం పగిలింది. జమ్లీ హోటల్‌కు పోవాలంటే నా దుకాణంలోంచే పోవాలి. గ్యాంగ్‌మెన్లు తలలు దించుకుని, వేలాడే జాకెట్లను మోచేత్తో పక్కకు తప్పించుకుంటూ పోతారు. రాజీ మాత్రం ఆగి, ఏ రంగు జాకెట్ ఎవరిదో అడిగి మరీ పోతుంది. మొన్న ముత్తయ్య కూడా వచ్చాడు, నా మిషన్ పక్కనుంచి చూపు కలపకుండా నడిచిపోయాడు. ఏ ముక్క వచ్చిందో నేను అడగలేదు, గిన్నె మాత్రం ఖాళీ చేశాడని హీరాలాల్ చెప్పాడు. రోజూ అందరి పేర్లూ పిలవడం అయ్యాక, ఆఖరికి రెండు గిన్నెలు మిగులుతాయి. గీత గీసింది నేను, గిన్నెలు పరిచింది ఆమె. పోగులు వేసినవాళ్లం గనక ఆ రెండూ మావే. గీత మీద చెరో వైపు కూచుని తింటాం.